నిద్ర రానివ్వని ఆకు

చేతినిండా పని ఉన్న రోజుల్లో అర్ధరాత్రి వేళ సిరిసిల్లకు వెళ్ళి చూడండి. ఊరు నిద్రపోయినా సాంచాలు నిద్రపోవు. మరమగ్గాలను అక్కడివాళ్ళు సాంచాలంటారు. వీధి పొడుగునా టకటకమని ఒకటే చప్పుడు. ఒక్కొక్క మనిషి ఒకేసారి ఎన్నో సాంచాలను కనిపెట్టి తిరుగుతూ ఉంటాడు. పడుగులో ఒక్క పోగు తెగినా వెంటనే చూసి ముడివెయ్యాలి. కండె అయిపోతే మరో కండె పెట్టాలి. ఏమరిస్తే గుడ్డ పాడవుతుంది, కూలి తగ్గుతుంది. తిరిగే యంత్రం పక్కన కునుకు పడితే చెయ్యే నలిగిపోవచ్చు. తెల్లవార్లూ ఇలా కళ్ళు తెరుచుకుని ఉండవలసిన మనిషికి ఆసరా ఏమిటో తెలుసా? చిన్న గాజుగ్లాసులో చాయ్.

చాయ్ తాగితే నిద్ర ఎందుకు పోతుంది? పాల మూలానా? చక్కెర మూలానా? వాటివల్ల కాస్త ఓపిక వస్తే రావచ్చు గాని, నిద్రను ఆపేది మాత్రం ఆకులో ఉన్న ఒక పదార్థం. దాని పేరు కెఫీన్. విడదీసి చూస్తే అది తెల్లని పొడి. వాసన ఉండదు, రుచి చేదు.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మన మెదడులో అడెనొసీన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. పని జరుగుతున్నకొద్దీ సాంచాల కింద నూగు పేరుకోవటం చూశారా? అలాగన్నమాట. మెదడులోని కణాల మీద ఈ అడెనొసీన్ వచ్చి కూర్చోవటానికి ప్రత్యేకంగా కొన్ని తావులున్నాయి. తాళంలో తాళపుచెవి పట్టినట్టు అది అక్కడ పట్టగానే కణం పని మందగిస్తుంది. అటువంటి కణాలు లెక్కలేనన్ని మందగించేసరికి మనకు ఆవలింతలు వస్తాయి, రెప్పలు వాలిపోతాయి. కెఫీన్‌కు అడెనొసీన్ పోలికలున్నాయి. అందుచేత అది కూడా అదే తాళంలో దూరుతుంది. దూరుతుంది గాని తిరగదు! ఊరికే తాళాన్ని అడ్డుకుని కూర్చుంటుంది. నిజమైన తాళపుచెవి వచ్చినా దానికి చోటుండదు.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించండి. చాయ్ తాగినందువల్ల అలసట పోలేదు. అలసిపోయానన్న కబురు మెదడుకు అందలేదు, అంతే. బయట అడెనొసీన్ పోగవుతూనే ఉంది. కెఫీన్ ఖర్చు కాగానే అదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పు ఇచ్చినవాడు వడ్డీతో సహా అడగటానికి వచ్చినట్టే!

కెఫీన్ తొందరగా వదిలిపోయే రకం కూడా కాదు. పెద్దవాళ్ళ ఒంట్లో అది సగానికి తగ్గటానికి సుమారు 5 గంటలు పడుతుంది. తెల్లవారుజామున 4 గంటలకు తాగిన చాయ్‌లోని కెఫీన్ ఉదయం 9 గంటలకు కూడా సగం మిగిలే ఉంటుంది. రాత్రి పని దిగి ఇంటికి వచ్చి పడుకున్న మనిషికి ఆ పగలు సరిగా నిద్ర పట్టదు. నిద్ర చాలక ఆ రాత్రి మరో రెండు చాయ్‌లు ఎక్కువ తాగుతాడు. ఇక మరుసటి పగలు ఇంకా తక్కువ నిద్ర! రాత్రి పని చేసేవాళ్ళు చాయ్ తాగదలిస్తే పని మొదటి సగంలోనే తాగటం మేలు. మీ ఇంట్లో అటువంటివారు ఎవరైనా ఉంటే ఈ మాట చెప్పండి.

నేతపనికీ కెఫీన్‌కూ సంబంధించిన తమాషా ప్రయోగం ఒకటి ఉంది. 1948లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో హాన్స్ పీటర్స్ అనే జంతుశాస్త్రజ్ఞుడు సాలెపురుగులు గూడు అల్లే తీరు పరిశీలిస్తున్నాడు. ఆ పురుగులేమో తెల్లవారకముందే, రెండు మూడు గంటల వేళ లేచి అల్లుతున్నాయి. వాటికోసం రోజూ అర్ధరాత్రి మేలుకోలేక పాపం ఆయన విసిగిపోయాడు. ఏదైనా మందుపెట్టి వాటి వేళ మార్చగలవా అని పీటర్ విట్ అనే మందుల శాస్త్రజ్ఞుణ్ణి అడిగాడు. విట్ రకరకాల మందులను చక్కెర నీళ్ళలో కలిపి పట్టించాడు. అందులో కెఫీన్ కూడా ఉంది. పురుగుల వేళ మారలేదు గాని, వాటి గూళ్ళ ఆకారం మారిపోయింది! 1995లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారు మళ్ళీ ఇటువంటి ప్రయోగమే చేశారు. కెఫీన్ తిన్న సాలెపురుగు అల్లిన గూడు ఎలా ఉందనుకున్నారు? నడుమ చక్రం లేదు, వరసలు లేవు. నాలుగు పోగులు అడ్డదిడ్డంగా విసిరినట్టుంది. దానికి సాలెపురుగని పేరు పెట్టిన మన పెద్దలు ఆ నేత చూస్తే పేరు వెనక్కి తీసుకునేవారేమో! ఐతే మనిషి సాలెపురుగు కాదు. ఆ చిన్న ప్రాణికి పట్టించింది దాని ఒంటికి చాలా పెద్ద మోతాదు. మోతాదు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంతకూ కెఫీన్‌ను కనిపెట్టింది ఎవరు? ఆ కథలో ఒక పిల్లి ఉంది. 1819లో జర్మనీలోని యేనా నగరంలో రుంగె అనే పాతికేళ్ళ యువకుడు విషపు మొక్కలను పరిశోధిస్తూ ఉండేవాడు. మన ఉమ్మెత్త కుటుంబానికే చెందిన బెల్లడోనా అనే మొక్క ఉన్నది. దాని రసం కంట్లో పడితే కంటిపాప పెద్దదవుతుంది. ఆ వింత చూపించమని మహాకవి గోథే కబురుచేశాడు. రుంగె ఒక పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళి, దాని కంట్లో మందు వేసి చూపించాడు. గోథే ఎంతో సంతోషించి ఆ రోజుల్లో అపురూపమైన కాఫీగింజలు కాసిని బహుమతిగా ఇచ్చి, వీటిలో ఏముందో కూడా చూడమన్నాడు. రుంగె చూశాడు. అలా కెఫీన్ బయటపడింది.

1827లో టీ ఆకులోంచి కూడా ఒక పదార్థాన్ని తీసి దానికి థేయిన్ అని పేరు పెట్టారు. రెండూ వేరని పదేళ్ళకు పైగా అనుకున్నారు. 1838లో రెండూ ఒకటేనని తేలింది. ఒకే మనిషి రెండు ఊళ్ళలో రెండు పేర్లతో తిరిగినట్టయింది. ఈ పేర్ల గొడవ అంతటితో పోలేదు. ముందు ముందు చూస్తారుగా.

కాఫీకీ టీకీ ఏ చుట్టరికమూ లేదు. కాఫీ మన దొడ్లో పూసే నూరువరహాల కుటుంబంలోది. చాక్లెట్ చేసే కోకో చెట్టు పత్తికీ, బెండకూ చుట్టం. దానిలోనూ కొంచెం కెఫీన్ ఉంది. బ్రెజిల్ అడవుల్లో గ్వారానా అనే తీగ ఉంది. అది మన కుంకుడు చెట్టుకు చుట్టం. దాని గింజల్లో కాఫీగింజల్లో కన్న ఎక్కువ కెఫీన్ ఉంటుంది. ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేని మొక్కలు వేరువేరు ఖండాల్లో ఒకే పదార్థం తయారుచేసుకోవటం చిత్రంగా లేదూ? ఇవి మనకోసం చేసుకోలేదు. పురుగులు తినకుండా చేసుకున్నాయి. కెఫీన్ పురుగులకు విషమని 1984లో నేథన్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు రుజువు చేశాడు. అందుకనే లేత ఆకులో కెఫీన్ ఎక్కువ. పురుగు ముందు కొరికేది లేత ఆకునే గదా! మరి పూలకు తేనెటీగలు రావద్దా? కాఫీ పూల తేనెలోనూ, కొన్ని నిమ్మజాతి పూల తేనెలోనూ కెఫీన్ అతి కొద్దిగా ఉంటుందనీ, ఆ కొద్ది మోతాదు వల్ల తేనెటీగకు ఆ పూవాసన బాగా గుర్తుండిపోతుందనీ 2013లో కనుక్కున్నారు. ఆకులో ఎక్కువగా ఉండి శత్రువును తరిమేదే, పువ్వులో కాస్త ఉండి మిత్రుణ్ణి పిలుస్తుంది.

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను. అంత ప్రసిద్ధి లేని ఒక ఆకును గురించి మీకు చెప్పాలి. దాని పేరు మాతే.

దక్షిణ అమెరికాలో పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా, దక్షిణ బ్రెజిల్ కలిసే చోట ఎర్రమట్టి నేలలున్నాయి. మాతే చెట్టు పుట్టిల్లు అది. వదిలేస్తే 15 మీటర్ల దాకా పెరుగుతుంది. తోటల్లో మాత్రం ఆకు కొయ్యటానికి వీలుగా కత్తిరించి పొదలా ఉంచుతారు. కోసిన కొమ్మలను కొద్ది సెకండ్లపాటు మంట మీద ఆడిస్తారు. అలా చేస్తే ఆకు నల్లబడకుండా పచ్చగా ఉంటుంది. తరవాత ఆరబెడతారు. పాత పద్ధతిలో కట్టెల పొగ మీద ఆరబెట్టేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల అలాగే చేస్తారు. ఆపైన నలగ్గొట్టి నెలల తరబడి నిలవ పెడతారు.

దీన్ని తాగే పద్ధతి చూస్తే మీకు నవ్వు వస్తుంది. పాత్ర ఏమిటనుకున్నారు? సొరబుర్ర! మన పల్లెల్లో ఎండిన ఆనపకాయ బుర్రలో పొలానికి నీళ్ళు తీసుకుపోయేవారని మీ తాతను అడిగితే చెపుతాడు. అక్కడ చిన్న బుర్ర కోసి అందులో సగానికి పైగా ఆకు పోసి, వేడినీళ్ళు పోస్తారు. లోహపు గొట్టం ఒకటి అందులో గుచ్చుతారు. దాని పేరు బొంబిల్యా. గొట్టం కింది కొస జల్లెడలాగా చిల్లులతో ఉంటుంది. ఆకు రాదు, కషాయం మాత్రం నోట్లోకి వస్తుంది. మాతే అన్న పేరు కూడా కెచువా భాషలో బుర్రకు ఉన్న పేరే. పాత్ర పేరు ఆకుకు వచ్చిందన్నమాట.

నలుగురు కూర్చుంటే ఒకరు నీళ్ళు పోసి బుర్రను పక్కవాడికి అందిస్తారు. అతను పూర్తిగా పీల్చి తిరిగి ఇస్తాడు. మళ్ళీ నీళ్ళు పోసి తరవాతివాడికి. ఆకు మారదు, నీళ్ళు మారతాయి. కొత్తగా వెళ్ళిన పరదేశి మర్యాద కొద్దీ బుర్ర అందుకుంటూ ధన్యవాదాలు అన్నాడనుకోండి, ఇక అతనికి మాతే ఇవ్వరు! అక్కడ ఆ మాటకు ‘చాలు, నాకిక వద్దు’ అని అర్థం. ఇంతకాలంగా వస్తున్న ఈ ఆచారానికి 2020లో కరోనా జబ్బు అడ్డు వచ్చింది. ఒకే గొట్టం అందరి నోటికీ పెట్టవద్దని చెప్పేసరికి ఎవరి బుర్ర వారు తెచ్చుకోవలసి వచ్చింది.

ఈ ఆకును మొదట వాడినవారు గ్వారానీ జాతివారు. తరవాత స్పెయిన్‌నుంచి వచ్చిన జెస్యూట్ పాదిరీలు దీన్ని తోటల్లో పెంచటం నేర్చారు. అది అంత సులభం కాదు, ఎందుకంటే ఈ విత్తనం నాటితే ఒక పట్టాన మొలవదు. అడవిలో పక్షులు పండు తిని, రెట్టతోపాటు వేసిన విత్తనాలు మొలుస్తాయి. పాదిరీలు ఏదో ఉపాయం కనిపెట్టారు. కాని 1767లో స్పెయిన్ రాజు వారిని తన రాజ్యాలనుంచి వెళ్ళగొట్టాడు. వారితో ఆ ఉపాయం కూడా పోయింది. తోటలు పాడుబడ్డాయి. జనం మళ్ళీ అడవి చెట్ల మీద పడ్డారు.

యాభై ఏళ్ళ తరవాత బోంప్లాండ్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పరాగ్వే సరిహద్దుకు అవతల మాతే తోట వెయ్యటానికి పూనుకున్నాడు. పరాగ్వేను పాలించే నియంత ఫ్రాన్సియాకు అది తెలిసి ఒళ్ళు మండింది. మాతే వర్తకం తన దేశం చేయి దాటిపోతుందని భయం. 1821లో సైనికులు నది దాటి వచ్చి తోట తగలబెట్టి బోంప్లాండ్‌ను పట్టుకుపోయారు. 1829దాకా ఆయనను వదల్లేదు. ఖైదులో ఉండి కూడా ఆయన పల్లెల్లో రోగులకు వైద్యం చేస్తూ కాలం గడిపాడు. మాతే విత్తనం మొలిపించే రహస్యం మళ్ళీ బాగా పట్టుబడి తోటలు లేచేసరికి 19వ శతాబ్దం ముగియవచ్చింది. ఇప్పుడు అన్ని దేశాలకన్న ఎక్కువ మాతే పండించేది అర్జెంటీనా.

సరే, అర్జెంటీనా ఎక్కడ, మన జగిత్యాల ఎక్కడ? మధ్య దారి చెపుతాను వినండి.

19వ శతాబ్దం చివరినుంచి సిరియా, లెబనాన్ దేశాలవారు బతుకుతెరువు కోసం ఓడలెక్కి అర్జెంటీనాకు వెళ్ళారు. కొందరు అక్కడే ఉండిపోయారు. కొందరు నాలుగు డబ్బులు వెనకేసుకుని ఇంటికి తిరిగి వచ్చారు. వచ్చేటప్పుడు బుర్రా, గొట్టమూ, మాతే అలవాటూ వెంట తెచ్చారు. అర్జెంటీనానుంచి మాతే కొనే దేశాలలో సిరియాది పెద్ద పేరు. పన్నెండు వేల కిలోమీటర్ల అవతలి ఆకు అక్కడి పల్లెల్లో ఇంటి పానీయమైపోయింది.

ఇది మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలనుంచి దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ వెళ్ళినవారు ఎందరో! ఈ ఊళ్ళన్నీ ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయ్యాయి. అక్కడి పిల్లలలో చాలామందికి బాపో, కాకో, మామో గల్ఫ్‌లో ఉంటారు. వారు తిరిగి వచ్చేటప్పుడు ఖర్జూరాలు తెస్తారు, అత్తరు తెస్తారు, పాలు లేని సులేమానీ చాయ్ అలవాటు తెస్తారు. ఆ దేశాలలో సిరియావాళ్ళూ లెబనాన్‌వాళ్ళూ కూడా పనిచేస్తున్నారు. అందుచేత అక్కడి దుకాణాలలో మాతే పొట్లాలు దొరుకుతాయి. అటువంటి పొట్లం ఏదైనా కోరుట్లలో ఒక ఇంటి అటక ఎక్కితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మన చాయ్ మాత్రం ఇక్కడి ఆకా? టీ పొద అస్సాంలో ఉన్నదని 1823లో ఇంగ్లీషువారికి తెలిసింది. 20వ శతాబ్దంలో టీ వర్తకులు ఊరూరా ఉచితంగా కాచి పోసి మరీ ఈ దేశానికి అలవాటు చేశారు. అంతకు ముందు మన పల్లెల్లో పొద్దున్నే తాగింది అంబలీ, చల్లా.

మాతే విత్తనం తెప్పించి జగిత్యాలలో నాటితే? జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు అనే వరి అక్కడ పుట్టిందే. ఎర్రనేలలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. కాని మాతేకు వాన ఏడాది పొడుగునా పడుతూ ఉండాలి. ఇక్కడ వానంతా నాలుగు నెలల్లో కురిసి ఊరుకుంటుంది. మేనెలలో 45 డిగ్రీల ఎండ! టీ పొద కూడా ఈ కారణంచేతనే ఇక్కడ బతకదు. 

ఇక ఆ పొట్లం మీద ఏమి రాసి ఉంటుందో చూద్దాం. ‘మూలికా పానీయం’ అనో, ‘ప్రకృతి సిద్ధం’ అనో ఉండవచ్చు. అమ్మేవాళ్ళు కొందరు ఇంకో మాట కూడా అంటారు: ‘దీనిలో కెఫీన్ లేదు, మాతేయిన్ ఉన్నది. అది నిద్ర చెడగొట్టదు’ అని. పేర్ల గొడవ మళ్ళీ వస్తుందని చెప్పాను గదా! మాతేయిన్ అనేది వేరే ఏదీ లేదు. అది కెఫీనే. పేరు మార్చుకున్నంత మాత్రాన అది తాళంలో దూరటం మానుతుందా?

మాతేకు ఉత్తర అమెరికాలో ఒక చెల్లెలుంది, యాపాన్ అని. దానికి సరిగ్గా దీనికి వ్యతిరేకమైన అన్యాయం జరిగింది. అక్కడి జాతులవారు ఒక కర్మకాండలో దాని కషాయం తాగి వాంతి చేసుకోవటం చూసిన ఐరోపావారు, వాంతి తెప్పించే మొక్క అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. నిజానికి ఆ ఆకుతో వాంతులు రావు. చక్కని టీ అవుతుంది. ఒకదానికి లేని మంచి, మరొకదానికి లేని చెడు పేరులోనే అంటగట్టారు. కనక పేరు చూసి ఏ ఆకు సంగతీ తేల్చకండి. అందులో ఏముంది, ఎంత ఉంది, తాగేది ఎవరు అని అడగండి.

ఇప్పుడు కాస్త లెక్క వెయ్యండి. ఎండు మాతే ఆకులో సుమారు నూటికి ఒక వంతు కెఫీన్ ఉంటుందనుకుందాం. పెద్ద బుర్రలో 50 గ్రాముల ఆకు పడుతుంది. అంటే 500 మిల్లీగ్రాముల కెఫీన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు రోజుకు 400 మిల్లీగ్రాములదాకా, గర్భవతులు 200దాకా పుచ్చుకుంటే భయం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఒక్కడే కూర్చుని నీళ్ళు పోసుకుంటూ బుర్రంతా పీల్చేస్తే, కెఫీన్ మొత్తం దిగితే, హద్దు దాటినట్టే. నలుగురు పంచుకుంటే తలకు 125. పంచుకుని తాగే ఆచారంలో ఈ సుళువు కూడా ఉంది చూడండి. హద్దు దాటితే ఏమవుతుంది? గుండె దడ, చేతుల వణుకు, కడుపులో మంట, చిరాకు, నిద్రలేమి. రోజూ తాగి తాగి ఒక్కసారి మానేసినవారికి రెండు మూడు రోజులు తలనొప్పి పట్టుకుంటుంది.

మరి మీ లెక్క? పిల్లలకూ, ఇంకా ఎదుగుతున్న కుర్రవాళ్ళకూ కిలో బరువుకు 3 మిల్లీగ్రాములని ఆ సంస్థే చెప్పింది. మీరు 30 కిలోలుంటే రోజు మొత్తానికి 90. పెద్ద కప్పు చాయ్‌లో 40 చిల్లర ఉంటుంది. హోటలు చిన్న గ్లాసులో అందులో సగం. రంగురంగుల డబ్బాలలో శక్తినిస్తామంటూ అమ్మే పానీయాలు చూశారా? మన దేశపు నిబంధనల ప్రకారం వాటిలో లీటరుకు 300 మిల్లీగ్రాములదాకా కెఫీన్ ఉండవచ్చు. పావు లీటరు డబ్బాలో 75! పిల్లలకు తగదని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది, కాని ఎంత చిన్న అక్షరాలతో! ఆట మైదానంలో అవి తాగి గెలుద్దామనుకునే అన్నలకు ఈ లెక్క చూపించండి.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి డాక్టర్లు ఎవరైనా కనిపిస్తే కుక్కకు చాక్లెట్ పెట్టవచ్చా అని అడిగి చూడండి. వద్దంటారు. కోకోలో కెఫీన్‌కు తమ్ముడి వంటి థియోబ్రొమీన్ ఉంది. దాన్ని కుక్క ఒళ్ళు చాలా నెమ్మదిగా గాని వదిలించుకోలేదు. మాతేలో కూడా అది కొంత ఉంది. మనకు సరదాగా ఉన్నది మన కుక్కకు ప్రాణాంతకం కావచ్చు.

చాయ్ వల్ల ఇంకొక చిక్కు ఉంది. దీనికి కెఫీన్‌తో సంబంధం లేదు. టీలోనూ మాతేలోనూ వగరుగా ఉండే పదార్థాలున్నాయి. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఉన్న ఇనుమును అవి పట్టుకుని ఒంటికి అందనివ్వవు. ఇనుము చాలకపోతే నెత్తురు తగ్గుతుంది, ముఖం పాలిపోతుంది, చదివింది తలకెక్కదు. జగిత్యాల, కోరుట్ల వైపు ఇళ్ళలో తల్లులు ఒళ్ళో చేట పెట్టుకుని పొద్దుగూకేదాకా బీడీలు చుడతారు. ఆకలి వేస్తే లేచి వండుకునే తీరిక లేక ఒక చాయ్ తాగి ఆకలిని చంపుకుంటారు. పొద్దున్నే ఇంత చాయ్, రెండు బిస్కట్లతో బడికి పోయే పిల్లలు ఎంతమంది లేరు? ఆకలి చచ్చింది గాని అన్నం అందలేదు. నాకు తెలిసినంతలో మన ఊళ్ళలో చాయ్ చేసే చెరుపు ఇదే ఎక్కువ. అన్నం తిన్నాక కనీసం గంట ఆగి చాయ్ తాగితే ఇనుముకు అడ్డు చాలావరకు తగ్గుతుంది. అన్నానికి బదులుగా మాత్రం చాయ్ ఏ వేళా పనికిరాదు.

కెఫీన్ అక్కర్లేని వేడి పానీయాలు మన పెరట్లోనే ఉన్నాయి. తులసి, నిమ్మగడ్డి, శొంఠి. వీటిలో కెఫీన్ లేదు. బతుకమ్మలో పేర్చే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని పూలతో కషాయం కాచేవారూ ఉన్నారు. తంగేడు చుట్టం సునాముఖి సంగతి మాత్రం వేరు. అది గట్టి విరేచనకారి. బరువు తగ్గిస్తామనే కొన్ని టీ పొట్లాలలో దాన్ని కలుపుతారు. రోజూ తాగితే ఒంట్లోని నీరూ లవణాలూ పోయి మనిషి నీరసపడతాడు. అది కూడా ‘మూలికా టీ’యే మరి!

ఆఖరి సంగతి వేడిని గురించి. మాతే తాగే ప్రాంతాలలో అన్నవాహిక క్యాన్సరు ఎక్కువగా కనిపించటం చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1991లో వేడి మాతేను అనుమానపు జాబితాలో చేర్చింది. 2016లో మళ్ళీ అన్నీ పరిశీలించి, దోషం ఆకుది కాదు, వేడిది అని తేల్చింది. 65 డిగ్రీలకు మించిన వేడితో ఏ పానీయం తాగినా, అది చాయ్ అయినా, వట్టి వేడినీళ్ళయినా, అనుమానించవలసిందే. మరిగే చాయ్‌ను గటగటా తాగటం గొప్ప అనుకునేవారు ఇది వినాలి. కట్టెల పొగ మీద ఆరిన మాతేలో మాత్రం పొగలో పుట్టే చెడు పదార్థాలు కొన్ని చేరతాయి. పొగ తగలకుండా ఆరబెట్టిన ఆకు దొరికితే అదే నయం.

మన తాతలు చాయ్‌ను సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ తాగేవారు. పట్నంవాళ్ళు దాన్ని చూసి మోటు అని నవ్వేవారు. అది ఎంత మంచి పద్ధతో మీరే పరీక్ష చేసి చూడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఒకేసారి దించిన చాయ్‌ను సగం గ్లాసులోనూ, సగం సాసర్‌లోనూ పోయించండి. గడియారం దగ్గర పెట్టుకుని కూర్చోండి. పరిచినట్టు పలచగా ఉన్న చాయ్‌నుంచి ఆవిరి ఎక్కువగా లేస్తుంది. ఆవిరితోపాటు వేడి పోతుంది. ఏది ఎన్ని నిమిషాలకు గోరువెచ్చనైందో రాసి పెట్టుకోండి. తరవాత ఆ రెండిటినీ పోయించిన పెద్దవాళ్ళకే ఇచ్చెయ్యండి.